చిత్తూరు ఎండకు ఎన్ని చుక్కల నూనె?

సంపాదకులకు నమస్కారం.

గత నెల మీ జిల్లా పేజీలో నా ఫొటో వేసి, పారిస్‌లో చిత్తూరు టీచరుకు అంతర్జాతీయ అవార్డు అని వార్త ఇచ్చారు. మీ విలేకరి ఎంతో అభిమానంగా రాశారు. ఆయనకు నా కృతజ్ఞతలు. మా వీధిలో వాళ్ళు మైసూర్‌పాక్ తెచ్చి పెట్టారు, బడిలో ప్రార్థన వేళ పిల్లలు చప్పట్లు కొట్టారు. కానీ నాకు అవార్డేమీ రాలేదండి. నేను వెళ్ళింది రెసిడెన్సీకి. ఈ తేడా సరిగ్గా చెప్పకపోతే, నేను ఈ జిల్లా కోసం అడగాలనుకుంటున్నది ఎవరికీ అర్థం కాదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

అవార్డు చేసిన పనికి ఇచ్చేది. రెసిడెన్సీ ఇంకా చెయ్యని పనికి ఇచ్చేది. ఒక గది, పనిముట్లు, కొన్నాళ్ళ తీరిక. అంతే. నేను గత అక్టోబరు, నవంబరు నెలలు ఉన్నది పారిస్‌లోని సితే ఇంటర్నాసియోనాల్ దెజార్‌లో. 1965 నుంచి నడుస్తోంది. సీన్ నది ఒడ్డున ఒక పెద్ద భవనం, మాంట్‌మార్ట్ గుట్ట మీద మరో ఆవరణ, రెండు చోట్లా కలిపి మూడు వందలకు పైగా స్టూడియోలు. బొమ్మలు వేసేవాళ్ళు, పాటలు కట్టేవాళ్ళు, రాసేవాళ్ళు, ఆడేవాళ్ళు అందరూ అక్కడే ఉంటారు, అక్కడే వండుకుంటారు. నా పై అంతస్తులో లెబనాన్ నుంచి వచ్చిన ఒకాయన వయొలిన్ మీద రోజూ సాయంత్రం ఒకే ముక్కను మళ్ళీ మళ్ళీ వాయించేవాడు. నెల తిరిగేసరికి ఆ ముక్క నాకూ నోటికి వచ్చేసింది.

మొదటి వారం పది రోజులు నేను ఒక్క గీత గియ్యలేదు. నాకు నలభై నాలుగేళ్ళు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు. ఈ ఇరవై ఏళ్ళలో నిద్ర లేవగానే టిఫినేం చెయ్యాలన్న ఆలోచన లేని రోజు నాకు గుర్తు లేదు. అక్కడ తెల్లారి లేస్తే ఎదురుగా ఒక బల్ల, కిటికీ, ఖాళీ గోడ. నన్ను ఏమీ అడిగేవాళ్ళు లేరు. ఆ తీరికకు భయమేసింది. ఇంటికి ఫోన్ చేసి, పిల్లాడికి జ్వరమేమైనా వచ్చిందా అని రోజుకు మూడుసార్లు అడిగేదాన్ని. పదకొండో రోజున అమ్మ పాత వాయిల్ చీర ముక్కలు సంచిలోంచి తీసి, జింకు ప్లేటు ముందేసుకుని కూర్చున్నాను. సాయంత్రం ఆరు దాటిందని తెలిసింది చీకటి పడ్డాకే.

ఆ చీర ముక్కల సంగతి చెప్పాలి. లోహపు ప్లేటు మీద బొమ్మను యాసిడ్‌తో చెక్కి, సిరా పూసి కాగితం మీద అచ్చు తీసే కళ ఎచ్చింగ్. అందులో ప్లేటు మీద సిరా పూసి, గీతల్లో మాత్రం నిలిచేట్టు పైపైన తుడిచెయ్యాలి. అందుకు టార్లటన్ అని గంజి పెట్టిన జాలీ గుడ్డ వాడతారు. మాకు చదువుకునే రోజుల్లో అది దొరక్క, దొరికినా కొనలేక, ఇళ్ళలోంచి పాత వాయిల్ చీరలు తెచ్చుకునేవాళ్ళం. అదే అలవాటు. నా పక్క బల్ల దగ్గర కొలంబియా నుంచి వచ్చిన ఒకమ్మాయి నేను తుడవడం చూసి, ఒక ముక్క అడిగి తీసుకుంది. మర్నాడు ఇంకొకటి అడిగింది. వచ్చేటప్పుడు మిగిలినవన్నీ ఆమెకే ఇచ్చేశాను.

నేను పారిస్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు ప్రపంచంలో ప్రింట్ చేసే ప్రతి కళాకారుడికీ తెలిసిన మనిషి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, మద్రాసు కళాక్షేత్రలో పని చేసి, లండన్ మీదుగా పారిస్ చేరారు. అక్కడ స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అతెలియే 17 అనే వర్క్‌షాపులో, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీతో పాటు, ఒకే ప్లేటు మీద ఒకేసారి అనేక రంగులు అచ్చు తీసే పద్ధతిని సాధించారు. దాన్ని విస్కాసిటీ ప్రింటింగ్ అంటారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 2018లో న్యూయార్క్‌లో పోయారు. హేటర్ పోయాక ఆ వర్క్‌షాపు పేరు మారి అతెలియే కోంత్రప్వాన్ అయింది. ఇప్పటికీ నడుస్తోంది. నేను ఉన్న రెండు నెలల్లో పద్దెనిమిది రోజులు అక్కడికి వెళ్ళి పని చేసుకున్నాను.

ఆ పద్ధతి ఎంత సులువైన సూత్రం మీద నిలబడిందో చెప్తే మీరు నమ్మరు. నూనె మీద నూనె. ప్లేటును యాసిడ్‌లో అంచెలంచెలుగా తినిపించి మిట్టపల్లాలు చేస్తారు. అవిసె నూనె ఎక్కువ కలిపి పలచన చేసిన రంగును గట్టి రోలర్‌తో దొర్లిస్తే అది మిట్టల మీదే అంటుతుంది. తర్వాత నూనె తక్కువున్న చిక్కటి రంగును మెత్తటి రోలర్‌తో దొర్లిస్తే, ఆ రోలర్ పల్లాల్లోకి దిగి అక్కడ అంటుతుంది గానీ, పలచటి రంగున్న చోట మాత్రం జారిపోతుంది, అంటదు. రెండు రంగులు పక్కపక్కనే ఉంటాయి, కలవవు. గీతల్లో దాగిన సిరా మూడో రంగు. మొత్తం ఒక్కసారే ప్రెస్ కింద నడుస్తుంది.

సూత్రం సులువే, చెయ్యి కుదరడం కష్టం. అంతా నూనె కొలత మీద ఉంది. హైదరాబాద్‌లో చదివేటప్పుడు రాసుకున్న నోటు పుస్తకంలోని కొలతలు అక్కడ పనికిరాలేదు. నవంబరు చలికి రంగు బిర్రబిగిసి ఉండేది. ఉదయం హీటర్ అందుకున్నాక ఒక లెక్క, మధ్యాహ్నం ఒక లెక్క. ఏడు ప్రూఫులు, అంటే సరిచూసుకోవడానికి తీసే మచ్చు అచ్చులు, పాడైపోయాయి. అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ చుక్కలు లెక్కపెట్టడం మానెయ్యమని, కత్తితో రంగు పైకెత్తి అది ఎలా జారుతుందో చూడమని చూపించింది. సాగి సాగి తెగేది ఒకటి, తేనెలా కారేది ఒకటి. ఎనిమిదో ప్రూఫు ప్రెస్ మీంచి లేపితే కింద నీలం, మీద పసుపు దేనికది నిలబడ్డాయి. ఆ కాగితాన్ని పట్టుకుని నేను ఏడ్చాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, తర్వాత ఒక మాట అడిగింది. కృష్ణారెడ్డి గారి ఊరు మీ ఊరికి ఎంత దూరం అని.

నేను చెప్పలేకపోయాను. ఈ జిల్లాలోనే పుట్టి, ఇక్కడే పదహారేళ్ళుగా పిల్లలకు బొమ్మలు నేర్పుతూ, ఆ ఊరికి నేను ఎప్పుడూ వెళ్ళలేదు. తిరిగి వచ్చాక మా తొమ్మిదో తరగతిలో ఆ పేరు అడిగాను. నలభై రెండు మందిలో ఒక్కరూ వినలేదు. పిల్లల తప్పు కాదు. వాళ్ళకు చూపించడానికి ఇక్కడ ఏముంది?

ఖర్చు గురించి చాలామంది అడుగుతున్నారు కనుక దాచకుండా చెప్తాను. అక్కడి స్టూడియోల్లో చాలావాటిని వేరు వేరు దేశాల సంస్థలు ముందే ఒప్పందం చేసుకుని తమ వాళ్ళను పంపుతాయి. అలా వచ్చినవాళ్ళకు ఖర్చు బెంగ తక్కువ. నేను ఎవరి తరఫునా వెళ్ళలేదు. స్టూడియోకు నెలనెలా కట్టే రుసుము, విమానం, వీసా, ముప్పై వేల యూరోల వైద్య ఖర్చుకు సరిపడే ప్రయాణ బీమా, తిండి అన్నీ కలిపి మూడు లక్షల అరవై వేలు దాటింది. సగం చీటీ పాడుకున్న డబ్బు. రెండు నెలల జీతం పోయింది. దరఖాస్తు ఇంగ్లీషులో రాయడానికి నాకు ఐదు వారాలు పట్టింది. నాకంటే బాగా గీసే ఇద్దరు స్నేహితులు ఆ దరఖాస్తు చూసే వెనక్కి తగ్గారు. ప్రయాణ ఖర్చుకు ప్రభుత్వం చెయ్యి అందిస్తే మంచిదే, అడిగేవాళ్ళు అడగాలి.

కానీ నేను అడిగేది అది కాదు. నేను వచ్చి ఆరు నెలలైంది. పదకొండు ప్లేట్లు తెచ్చుకున్నాను. పాత పేపర్లలో చుట్టి బీరువా కింద పెట్టాను. వాటిని అచ్చు తీయడానికి నాకు అందుబాటులో ప్రెస్ లేదు. దగ్గరున్నది చెన్నై లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం. నూట యాభై కిలోమీటర్లు. ఆదివారం తప్ప సెలవు లేని మనిషిని, ప్లేట్లు మోసుకుని ఎన్నిసార్లు వెళ్ళి రాగలను? రెండు నెలల్లో చేతికి వచ్చిన పని ఆరు నెలల్లో చేతిలోంచి జారిపోతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

చిత్తూరులోనో తిరుపతిలోనో ఎవరైనా వచ్చి పని చేసుకునే ఒక వర్క్‌షాపు కావాలి. ముప్పై అడుగులు, ఇరవై అడుగుల గది. యాసిడ్ పొగ పోవడానికి గట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్, నీళ్ళ తొట్టి, వాడిన యాసిడ్‌ను కాలువలో పొయ్యకుండా విరిచే ఏర్పాటు, ఒక ఎచ్చింగ్ ప్రెస్. ప్రెస్‌కు కొటేషన్ తెప్పించాను. రవాణాతో కలిపి రెండు లక్షల ఎనభై వేలు అన్నారు. నేను ఒక్కదాన్ని రెండు నెలలు పారిస్‌లో ఉండడానికి పెట్టిన దానికంటే తక్కువ. పురపాలక భవనాల్లో, పాత గ్రంథాలయాల్లో తాళం వేసి ఉన్న గదులు ఎన్నో ఉన్నాయి. అందులో ఒకటి తెరిచి, కృష్ణారెడ్డి గారి పేరు పెట్టమని కలెక్టర్ గారికి, సాంస్కృతిక శాఖకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను. విగ్రహం వద్దు. ఆయన రంగుల పని జరిగే గది చాలు.

ఎందుకు ఇక్కడే అంటే, ఆ పద్ధతి పారిస్ చలిలో కుదిరింది. మే నెలలో మన చిత్తూరు ఎండకు రంగు దానంతటదే నూనెలా కారుతుంది. పలచటి రంగుకు, చిక్కటి రంగుకు తేడా మిగలదు. ఎన్ని చుక్కలు వెయ్యాలి, అసలు వెయ్యాలా, చిక్కదనానికి ఏం కలపాలి, తెల్లవారుజామునే పని ముగించాలా? ఆయన పుట్టిన నేల మీద ఆయన పని ఎలా చెయ్యాలో మనమే ప్రెస్ ముందు నిలబడి కనుక్కోవాలి.

పారిస్‌లో కొన్న మెత్తటి రోలర్ ఒకటి నా దగ్గర ఉంది. గది తెరిచిన రోజున దాన్ని అక్కడ పెట్టేస్తాను. ప్రతి ఆదివారం ఉదయం ఏడు నుంచి పన్నెండు దాకా వచ్చి, నేర్చుకోవాలనుకున్న వాళ్ళకు రుసుము లేకుండా నేర్పుతాను. జిల్లాలో ఇంకెవరి ఇంట్లోనైనా అచ్చు తీయని ప్లేట్లు పడి ఉంటే, అవి తుప్పు పట్టకుండా సన్నగా గ్రీజు రాసి ఉంచమని వాళ్ళకు నా మనవి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
డ్రాయింగ్ టీచర్, చిత్తూరు