పొట్టిగా ఉన్నాడని పక్కన పెట్టొద్దు

అండర్-13 ఫుట్‌బాల్ సెలక్షన్లలో ఆట కన్నా ఒడ్డూపొడుగునే ఎక్కువ చూస్తున్నారు. ఈమధ్య మా అబ్బాయిని ట్రయల్స్‌కు తీసుకెళ్లాను. వరసలో ఒకడికి అప్పుడే నూనూగు మీసాలు. పక్కవాడి జెర్సీ మోకాళ్ల దాకా వేలాడుతోంది. ఇద్దరిదీ ఒకే ఏడాది పుట్టుక, కాకపోతే ఒకడిది జనవరి, ఇంకొకడిది నవంబరు. ఆ చిన్నవాడు బంతి కాలికి అతుక్కున్నట్టు ఇద్దరిని దాటేశాడు. మూడోవాడు భుజంతో నెట్టేసరికి కింద పడ్డాడు. పావుగంటలో అతన్ని పక్కన కూర్చోబెట్టేశారు. మగపిల్లలు ఒక్కసారిగా పొడుగు సాగేది ఎక్కువగా 13, 14 ఏళ్లకు, కొందరైతే ఇంకా ఆలస్యంగా. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు జేమీ వార్డీని 16 ఏళ్లప్పుడు పొట్టిగా ఉన్నాడని షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్ వదులుకుంది. 2016లో లెస్టర్ సిటీ క్లబ్ ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ ప్రీమియర్ లీగ్ గెలిచినప్పుడు ఆ సీజన్‌లో 24 గోల్స్ కొట్టింది అతనే. అలా తిరిగొచ్చే దారి మన పిల్లల్లో ఎంతమందికి ఉంది? ఇంగ్లండ్ క్లబ్బుల శిక్షణ అకాడమీలు కొన్ని మ్యాచ్‌లను వయసును బట్టి కాకుండా శారీరక ఎదుగుదలను బట్టి జట్లు చేసి ఆడిస్తున్నాయి. మన జిల్లా సంఘాలూ ట్రయల్స్‌లో పుట్టిన నెల, పిల్లవాడి ఎత్తు, వాడు ఇంకా ఎంత ఎదుగుతాడో అంచనా వేయడానికి తల్లిదండ్రుల ఎత్తు రాసుకోవాలి. సమానంగా ఎదిగినవాళ్లతో కనీసం ఒక మ్యాచ్ ఆడించి చూడాలి. ఎంపిక కాని పిల్లలను ఆరు నెలలకు మళ్లీ పిలవాలి.

- ఒక తండ్రి