నేను చదవని ఉత్తరం రాసిన సార్‌కి, ఇంకా కొందరికి

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ. నాన్న లేడీస్ టైలర్. హెమ్మింగ్, హుక్కుల పని అమ్మ చూసుకుంటుంది. ఆగస్టు 22న నేను అమెరికా బయల్దేరుతున్నాను, మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్ కాలేజీలో డిగ్రీ చదవడానికి. ట్యూషన్ ఫీజు, హాస్టల్, భోజనం అన్నీ కాలేజీ ఇచ్చే సాయంతోనే. కబురు తెలిసిన దగ్గర్నుంచి అందరూ నన్నే మెచ్చుకుంటున్నారు. ఆ మెచ్చుకోలులో ఎవరి వాటా ఎంతో చెప్పకుండా విమానం ఎక్కాలనిపించలేదు. పేర్లు రాయొద్దని వాళ్లే గట్టిగా చెప్పారు కాబట్టి వరసలతోనే పిలుస్తాను.

ముందు మా ఫిజిక్స్ సార్.

మన దగ్గర రికమెండేషన్ లెటర్, అంటే విద్యార్థి గురించి టీచర్ కాలేజీకి రాసే ఉత్తరం, దాని పద్ధతి తెలిసిందే. మనమే రాసుకుని పోతాం, సార్ సంతకం పెడతారు. నేనూ అలాగే నెట్‌లో చూసి, పెద్ద పెద్ద మాటలు పేర్చి ఒకటి తీసుకెళ్లాను. సార్ మొత్తం చదివి, మడిచి, తిరిగి నా చేతిలో పెట్టారు. "ఇందుల నువ్వెక్కడున్నవ్ బిడ్డా? ఈ కాయితం ఎవరికైనా సరిపోతది. నాకు టైమియ్యి, నేనే రాస్త" అన్నారు. ఆదివారం ఇంటికి రమ్మన్నారు. లాంగ్ నోట్‌బుక్ ఒకటి ముందు పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నారు.

అప్పుడు ఆయన గుర్తు చేసిన సంగతి నేనైతే పూర్తిగా మర్చిపోయాను. ఫస్టియర్‌లో స్క్రూగేజీ జీరో ఎర్రర్, అంటే కొలిచే పరికరం సున్నా దగ్గర సరిగ్గా మొదలవకపోతే వచ్చే తేడా, చెబుతుంటే నేను లేచి, "మా నాన్న టేపు మొదటి అంగుళం అరిగిపోయింది సార్, అందుకే ఒకటో అంకె దగ్గర పట్టుకుని కొలిచి, చివర ఒకటి తీసేస్తాడు, ఇదీ అంతేనా?" అని అడిగానట. క్లాసంతా నవ్విందట. సార్ ఆ రోజు నుంచీ ఏ బ్యాచ్‌కి జీరో ఎర్రర్ చెప్పినా ఈ టేపు కథతోనే మొదలుపెడుతున్నారట. నా ప్రశ్న ఒకటి ఇంకొకరి పాఠంలో బతుకుతోందని తెలియడం కన్నా పెద్ద బహుమతి నాకు ఈ ఏడాదిలో రాలేదు, సీటుతో సహా.

ఆ ఉత్తరాన్ని సార్ చేత్తో నాలుగు పేజీలు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, నెట్ సెంటర్‌లో కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైప్ చేశారు. కామన్ యాప్‌లో, అంటే చాలా అమెరికా కాలేజీలకు ఒకే చోట అప్లై చేసే వెబ్‌సైట్‌లో, ఉత్తరం చూసే హక్కు వదులుకుంటున్నానని విద్యార్థి టిక్ పెట్టొచ్చు. అలా పెడితేనే చదివేవాళ్లకు దాని మీద నమ్మకం. నేను పెట్టాను.

కాలేజీ ఆఫీసులో స్కూల్ రిపోర్ట్ ఫారం చూసి ఇదేం పద్ధతని తిప్పి పంపితే, దాని వెంట తిరిగిందీ సారే. మా బ్యాచ్ ఇంటర్ ఎంపీసీలో మొదటి ఏడాది 470 మార్కులు, రెండో ఏడాది 530. ప్రాక్టికల్స్ 60 మార్కులూ రెండో ఏడాదిలో కలుస్తాయని అక్కడి వాళ్లకు ఎలా తెలుస్తుంది? ఆ లెక్క వివరిస్తూ ఒక పేజీ రాయించి, స్టాంపు వేయించి మరీ జతచేయించారు.

రెండోవారు ఖమ్మం అక్క. అమెరికాలో డిగ్రీ మూడో ఏడాది. నాతో ఏ చుట్టరికమూ లేదు. అంతకుముందు మేం హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, నాలుగు లక్షలు అడిగారు. డబ్బు సాయం కావాలంటే పెద్ద కాలేజీల్లో సీటు రాదన్నారు. నేను సేవ చేసినట్టు ఎన్జీవో సర్టిఫికెట్ కూడా వాళ్లే పుట్టిస్తామన్నారు. నాన్న మెట్లు దిగుతూ ఒక్క మాట మాట్లాడలేదు. అక్క మొదటి ఫోన్‌లోనే అసలు సంగతి చెప్పింది. చాలా కాలేజీలు విదేశీ విద్యార్థి సాయం అడిగితే అది కూడా లెక్కలోకి తీసుకునే మాట నిజమే. కానీ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎమ్ఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్ లాంటి కొన్ని మాత్రం సీటు ఇచ్చేటప్పుడు మన జేబు చూడవు. సీటిచ్చాక అవసరమైనంతా ఇస్తాయి. అందుకే అక్కడ పోటీ భయంకరంగా ఉంటుందని, రాకపోతే కుంగిపోవద్దని కూడా అప్పుడే చెప్పింది. నాకు ధైర్యం ఇచ్చింది ఆశ కాదు, ఆ నిజమే.

అప్లికేషన్‌తో మన గురించి రాసే ఎస్సే 650 పదాలు దాటకూడదు. నేను మొదట నల్లగొండ ఫ్లోరోసిస్ మీద రాశాను. అక్క చదివి, "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా చెల్లీ?" అంది. లేదన్నాను. "ఊళ్లో ఎవరి కోసమైనా ఏదైనా చేశావా?" లేదు. "మరి ఇది నీ కథ ఎట్లయితది?" అంది. నాకు కోపం వచ్చి రెండు రోజులు ఫోన్ చేయలేదు. మూడో రోజు సార్ చెప్పిన టేపు సంగతి చెబితే, "ఇన్ని రోజులు ఇది ఎక్కడ దాచావ్!" అని అరిచింది. అదే రాశాను, పదకొండు సార్లు. ప్రతిసారీ తన రాత్రి ఎనిమిది గంటలకు, అంటే మనకు ఎండల్లో తెల్లవారి ఐదున్నర, చలికాలంలో ఆరున్నర, అక్క వాక్యం వాక్యం చదివించుకునేది. తను ఒక్క వాక్యం కూడా రాసివ్వలేదు. అందుకు ఇంకొక నమస్కారం.

ఆడిటర్ బాబాయ్‌కి నాన్న తరఫున కూడా చెప్పాలి. సాయం కోసం సీఎస్ఎస్ ప్రొఫైల్ అని ఒకటి నింపాలి, ఇంటి ఆదాయం పైసాతో సహా అందులో రావాలి. నాన్నకి ఐటీ రిటర్నులు ఎప్పుడూ లేవు. "అందాజగా రాయొద్దు, బిల్లు బుక్కులు తీసుకురా" అన్నారు బాబాయ్. పన్నెండు నెలల బుక్కులు చాప మీద పరిచి, నేనూ అమ్మా జాకెట్లు లెక్కపెట్టాం. పెళ్లిళ్ల మాఘంలో రోజుకు పది. ఆషాఢంలో కొన్ని రోజులు ఒక్కటీ లేదు. కుట్టించుకుని ఇప్పటికీ డబ్బులివ్వని వాళ్ల చీటీలు విడిగా ఒక కట్ట. దారం, లైనింగ్, కరెంటు, షాపు కిరాయి తీసేశాక మిగిలిన అంకె చూసి నాన్న చాలాసేపు గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లుగా కుడుతున్నాడు, ఎప్పుడూ కూడి చూసుకోలేదు. మీసేవ ఆదాయ ధ్రువపత్రం జతచేసి, లెటర్‌హెడ్ మీద లెక్క రాసిచ్చి, బాబాయ్ ఒక్క రూపాయి తీసుకోలేదు.

నెట్ సెంటర్ అన్న తన లాప్‌టాప్ ఇచ్చాడు. అమెరికా కాలేజీల కోసం రాసే శాట్ పరీక్ష ఇప్పుడు కాగితం మీద కాదు, లాప్‌టాప్‌లోనో ట్యాబ్‌లోనో రాయాలి. రెండు గంటల పద్నాలుగు నిమిషాలు ఛార్జింగ్ ఆగాలి. ఆ పాతదానికి కొత్త బ్యాటరీ వేయించి మరీ హైదరాబాద్ పంపాడు.

తొమ్మిది కాలేజీలకు పెట్టాను. ఎమ్ఐటీ ఫలితం మార్చి 15 తెల్లవారుజామున 3 గంటల 58 నిమిషాలకు వచ్చింది, లేదని. ఇంటర్ పరీక్షల మధ్యలో. ఆరు లేవన్నాయి, రెండు వెయిటింగ్‌లో పెట్టాయి, ఒక్కటి రమ్మంది.

ఆ ఒక్కదానికీ 2025 మే నెలాఖరులో ఆటంకం వచ్చింది. స్టూడెంట్ వీసా కొత్త అపాయింట్‌మెంట్లు అమెరికా ప్రభుత్వం ఆపేసింది. జూన్‌లో తిరిగి మొదలయ్యాక స్లాట్ కోసం నెట్ సెంటర్ అన్న ఎన్నో రాత్రులు షట్టర్ సగం దించి నాతో, నాన్నతో కూర్చున్నాడు. విదేశీ విద్యార్థుల రికార్డు కోసం కట్టే సెవిస్ ఫీజు అప్పుడు 350 డాలర్లు, వీసా ఫీజు 185. రెండూ కలిపి మన డబ్బుల్లో నలభై ఆరు వేలు. నాన్న షాపు పక్కన మగ్గం వర్క్ చేసే అక్క తన కూతురి చెవిదిద్దుల కోసం వేసుకున్న చిట్టీ ఎత్తి, "తర్వాత చూద్దాం తియ్" అని అమ్మ చేతిలో పెట్టింది. జులైలో నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ బయట వీసా వచ్చిందని నేను మొదట ఫోన్ చేసింది ఆ అక్కకే. అక్కా, దిద్దులు బాకీ. మర్చిపోను.

సార్, ఆ నాలుగు పేజీల్లో ఏం రాశారో నాకు తెలియదు, అడగను కూడా. మీరే రాశారు, అది చాలు. మీకు పాదాభివందనాలు.

ఈ ఏడాది అప్లై చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. అక్కడికి వెళ్లాక మీకు తెల్లవారి ఐదున్నర అయ్యేసరికి నాకు రాత్రి ఎనిమిదవుతుంది. ఫోన్ ఎత్తుతాను.