రైలు క్యాంపస్ లోపలికొస్తే ఎలా ఉంటుందో

షార్లెట్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నీకు మా నార్త్ కరోలినా రాష్ట్రంలోనే, చాపెల్ హిల్ యూనివర్సిటీలో సీటొచ్చిందని మా అమ్మ ఫోన్లో చెప్పగానే రూమ్మేట్లందరికీ మైసూర్‌పాక్ పంచాన్రా. "అక్కడ కారు లేకుండా నెట్టుకురావచ్చా?" అని ఒక్క ముక్క అడిగావు కదా, అది మెసేజ్‌లో తేలే విషయం కాదు. అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు నా సంగతి చెప్తా. మొదటి సెమిస్టర్‌లో అద్దె తక్కువని రైలుకి బాగా దూరంగా ఒక ఇంట్లో దిగాను. ఒక నవంబరు సాయంత్రం ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా భుజానేసుకుని బస్టాపులో నిలబడ్డాను. బస్సు వెళ్లిపోయింది, తర్వాతది ఎప్పుడో. వాన పట్టుకుంది. నా జాకెట్ విప్పి బస్తాకి కప్పాను. ఇంటికి చేరేసరికి బియ్యం పొడిగానే ఉన్నాయి, నాకు మాత్రం మూడు రోజులు జ్వరం. ఆ లీజు అయిపోగానే టామ్ హంటర్ స్టేషన్ దగ్గరకి మారిపోయాను. అక్కడి నుంచి క్యాంపస్ నాలుగో స్టేషన్.

ఊళ్లోనే తిరిగే ఈ చిన్న కరెంటు రైలుని (లైట్ రైలు) బ్లూ లైన్ అంటారు. 2007 నవంబరులో మొదలైనప్పుడు ఊరి దక్షిణం నుంచి అప్‌టౌన్, అంటే ఊరి నడిబొడ్డు దాకానే నడిచేది. 2018 మార్చి 16న ఇంకో 9.3 మైళ్లు, 11 స్టేషన్లు కలిపి మా యూనివర్సిటీ దాకా తెచ్చారు. ఖర్చు వంద కోట్ల డాలర్లు దాటింది. దాదాపు సగం ఫెడరల్ ప్రభుత్వానిది, మిగతాది రాష్ట్రమూ ఊరూ వేసుకున్నాయి. ఇక్కడి జనం 1998లోనే ఓటేసి రవాణా కోసం అర శాతం అమ్మకం పన్ను ఒప్పుకున్నారు, ఊరి వాటాకి ఆ డబ్బే ఆధారం.

నాకు అన్నిటికంటే నచ్చింది చివరి అర మైలు. నార్త్ ట్రయాన్ అనే పెద్ద రోడ్డు నడిమధ్య, మామూలుగా డివైడర్ ఉండే చోట పట్టాలున్నాయి. యూనివర్సిటీ పేరు పెట్టి ఆ రోడ్డు మీదే చివరి స్టేషన్ కట్టేసి ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. అలా చెయ్యలేదు. రైలు రోడ్డు వదిలి వంపు తిరిగి క్యాంపస్ లోపలికొచ్చి హాస్టళ్ల పక్కన ఆగుతుంది. పొద్దున ఎనిమిదింటికి ప్లాట్‌ఫామ్ మీద చూడాలి. ఒకమ్మాయి తడి జుట్టుతోనే పరుగెడుతుంటుంది, వెనకాల మన కుర్రాళ్లు నలుగురు ఇడ్లీ డబ్బాలతో దిగుతారు. అక్కడే క్యాంపస్ షటిల్ బస్సు ఆగి ఉంటుంది. రైలు దిగాక ఆరు వరసల కార్ల మధ్య రోడ్డు దాటాల్సి వస్తే, రాత్రి ల్యాబ్ నుంచి ఒంటరిగా వచ్చే పిల్ల ఆ రైలెక్కుతుందా చెప్పు?

అప్‌టౌన్‌లో తొమ్మిదో వీధి దగ్గర మా యూనివర్సిటీకే ఇంకో భవనం ఉంది, 2011లో కట్టింది. సాయంత్రం క్లాసులకి అక్కడికి వెళ్తాను. ఇక్కడ ఎక్కితే దాని ముందే దిగుతాను, అరగంట పట్టదు. టికెట్ 2.20 డాలర్లు, మాకైతే పాస్ ఫీజులోనే కలిసి వస్తుంది.

ఇక మీ వైపు సంగతి, ఇది చెప్పాలంటే మనసు చివుక్కుమంటుందిరా. మీకూ రైలు రావాల్సింది. చాపెల్ హిల్‌లో ఆస్పత్రుల దగ్గర మొదలై, డ్యూక్ యూనివర్సిటీ మీదుగా, పక్క ఊరు డర్హమ్‌లో నార్త్ కరోలినా సెంట్రల్ యూనివర్సిటీ దాకా దాదాపు 18 మైళ్ల లైను. ఒకే దారంతో మూడు యూనివర్సిటీలను గుచ్చినట్టు! ఏళ్ల తరబడి ప్లాన్లు గీశారు, 13 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. 2019 ఫిబ్రవరిలో డ్యూక్ ఒప్పందం మీద సంతకం పెట్టనంది. పట్టాలు వాళ్ల ఆస్పత్రి ముందు నుంచే వెళ్లాలి. పనుల అదురుకి, కరెంటు తీగల అయస్కాంత ప్రభావానికి సున్నితమైన యంత్రాలు దెబ్బతింటాయని వాళ్ల భయం. కొన్ని వారాల్లోనే మొత్తం ఆగిపోయింది. ఆస్పత్రి వాళ్ల భయం ఉత్తదే అని నేననను. కానీ అంత దూరం వచ్చాక ఆపడం కంటే ఇంకో పదేళ్ల ముందే కూర్చుని తేల్చుకోవాల్సింది. నష్టపోయింది మాత్రం బస్సు కోసం ఎదురుచూసే నర్సులూ, మనలాంటి విద్యార్థులూ.

అయినా నువ్వేం బెంగపడకు. చాపెల్ హిల్‌లో సిటీ బస్సులకి 2002 నుంచి టికెట్టే లేదు, ఎక్కి కూర్చోవడమే. ఇల్లు చూసేటప్పుడు మాత్రం గది ఫొటోలు తర్వాత, ముందు ఆ వీధిలోకి ఆదివారం బస్సు వస్తుందా, రాత్రి చివరి బస్సు ఎన్నింటికో చూడు. లీజు మీద సంతకం అయ్యాక చూసి లాభం లేదు.

ఆగస్టులో దిగాక మొదటి సెలవు దొరకగానే డర్హమ్‌లో ఆమ్‌ట్రాక్ (ఊళ్ల మధ్య నడిచే రైలు) ఎక్కెయ్, మూడు గంటల్లోపే షార్లెట్. స్టేషన్‌కి నేనే వస్తా. అక్కణ్ణించి కొంచెం నడిచి బ్లూ లైన్ ఎక్కి తిన్నగా మా క్యాంపస్‌లో దిగుదాం. మీ అమ్మగారి గోంగూర పచ్చడి మర్చిపోకు, రెండు పొరల కవర్లో గట్టిగా కట్టించుకుని రా.

నీ,
రాంబాబు