ఆకుల బ్లోయర్ వాడేవాళ్లు ఒకసారి చదవండి

అందరికీ నమస్కారం. రాలిన ఆకుల్ని గాలితో ఊదేసే, వీపుకు తగిలించుకునే పెట్రోల్ బ్లోయర్ వాడేముందు రెండు మాటలు.

అసలు టెన్షన్ పెట్రోల్ దగ్గరే. మధ్యలో ట్యాంక్ ఖాళీ అయితే వెంటనే నింపకండి. ముందు ఇంజిన్ ఆపి, వీపు మీంచి దించి, కాసేపు చల్లారనివ్వండి. సైలెన్సర్ సెగ తగ్గకుండా నాలుగు చుక్కలు ఒలికినా అంటుకోవచ్చు. నింపాక మూత బిగించి, ఒలికింది తుడిచి, ఓ 3 మీటర్లు పక్కకు జరిగి స్టార్ట్ చేయండి. టూ స్ట్రోక్ ఇంజిన్ అయితే పెట్రోల్‌లో టూ స్ట్రోక్ ఆయిల్ కలపాలి. చాలావాటికి లీటరుకు 20 మి.లీ., అయినా మీ మాన్యువల్‌లో ఏముందో అదే ఫైనల్.

నేనొకసారి నడుం బెల్టు, ఛాతీ బెల్టు రెండూ బిగించేశాను. తీరా దించాలంటే చేతులు తడబడ్డాయి! అందుకే బెల్టులు చటుక్కున విప్పడం ముందే రెండు మూడుసార్లు ప్రాక్టీస్ చేయండి.

కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. దీని మోత 100 డెసిబెల్స్ దాటొచ్చు. చున్నీ, విరబోసిన జుట్టు వద్దు, వెనక ఫ్యాన్ లాగేస్తుంది. గాలికి రాళ్లు కూడా ఎగురుతాయి కాబట్టి పిల్లలు 15 మీటర్ల దూరంలో ఉండాలి. షెడ్డు లోపల మాత్రం స్టార్ట్ చేయొద్దు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.