ముగ్గురితో ఆగిన జాబితా

సంపాదకుడు గారికి,

నోబెల్ రోజుల్లో మన పత్రికలు విజేతల ఫోటోలతో సరిపెడతాయి. 2016లో అణుయంత్రాలకు, అంటే అణువులతోనే కట్టిన అతి చిన్న యంత్రాలకు, రసాయన నోబెల్ సావేజ్, స్టోడార్ట్, ఫెరింగాలకు దక్కింది. వీరిలో మొదటి ఇద్దరితోనూ కలిసి పనిచేసిన ఇటలీ శాస్త్రవేత్త విన్చెంజో బల్జానీ గురించి తెలుగులో నాకు ఒక్క ముక్క కూడా కనిపించలేదు.

బొలోన్యా విశ్వవిద్యాలయంలో ఆయన పరిశోధన ఎక్కువగా వెలుతురు చుట్టూనే. సూర్యరశ్మితో నీటిని విడగొట్టి ఇంధనం తీయడంపై 1975లోనే ‘సైన్స్’ పత్రికలో రాశారు. ఆకు చేసే పని ల్యాబ్‌లో జరగాలంటే ఒక్క అణువు చాలదు. వెలుగును పట్టేది ఒకటి, ఎలక్ట్రాన్‌ను అందుకునేది ఇంకొకటి, అది వెంటనే వెనక్కి పోకుండా చూసే అమరిక వేరే. ఇలా అణువులను జతకూర్చి పని చేయించడమే సుప్రామాలిక్యులర్ కెమిస్ట్రీ. 2004లో స్టోడార్ట్‌తో కలిసి, పైకీ కిందికీ కదిలే ‘అణు లిఫ్ట్’ అనే అణుయంత్రాన్ని కూడా చేశారు. అది ఎక్కి దిగే ఎత్తు నానోమీటరు (మీటరులో వందకోట్లో వంతు) కూడా ఉండదు!

బొగ్గు బదులు సూర్యరశ్మిని వాడాలని 1912లోనే చెప్పిన రసాయన శాస్త్రవేత్త చామిచాన్‌దీ ఆ బొలోన్యా విశ్వవిద్యాలయమే.

ముగ్గురికి మించి ఇవ్వకూడదన్నది నోబెల్ నిబంధన, పత్రికలది కాదు. ఇంటర్ పిల్లలకు కిరణజన్య సంయోగక్రియ సమీకరణం కంఠతా వచ్చు. దాన్ని ల్యాబ్‌లో సాధించడానికి జీవితాలు వెచ్చించినవారి గురించి మీ సైన్స్ పేజీలో రాయించండి.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ లెక్చరర్, గుంటూరు