వార్షిక నివేదిక: శంషాబాద్ రాత్రికి మన రోస్టర్

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదికలో ఎక్కువ భాగం ఒక్క రాత్రి గురించే. మిగతావి చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను. సంక్రాంతి పండుగ తర్వాతి శనివారం వాట్సిమ్‌లో శంషాబాద్‌కు పెద్ద ఫ్లై-ఇన్, అంటే అందరూ ఒకే విమానాశ్రయానికి ఎగిరొచ్చే కార్యక్రమం, జరిగింది. ముంబయి, బెంగళూరు, చెన్నై, విశాఖల నుంచి విమానాలు వరుసగా వచ్చాయి. వలంటీర్ల రోస్టర్ కూర్చే పని మన సంఘానికి వచ్చింది. కొత్త సభ్యుల అమ్మానాన్నలు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. వాట్సిమ్ 2001 నుంచి నడుస్తున్న ఆన్‌లైన్ నెట్‌వర్క్. ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడిపేవాళ్లు కొందరు, రాడార్ తెర ముందు కూర్చుని వాళ్లకు దారి చూపేవాళ్లు కొందరు. ఎవరికీ పైసా రాదు.

కిందటిసారి ఏమైందో గుర్తుంది కదా. రోస్టర్ పెట్టిన గంటలోనే టవర్ (రన్‌వే చూసే కుర్చీ), అప్రోచ్ (దిగడానికి వచ్చేవాటిని వరుసలో పెట్టే కుర్చీ) నిండిపోయాయి. డెలివరీ గడి మాత్రం సాయంత్రం దాకా ఖాళీగానే ఉంది. డెలివరీ అంటే బయల్దేరే ప్రతి విమానానికీ గమ్యం, దారి, మొదటి ఎత్తు, రాడార్ తెర మీద ఆ విమానాన్ని గుర్తుపట్టే నాలుగంకెల స్క్వాక్ కోడ్ చదివి వినిపించి, పైలట్ తిరిగి చెప్పేది సరిగ్గా ఉందో లేదో వినడం. ఒక్కొక్కరికి నిమిషంన్నర పడుతుందనుకున్నా గంటకు నలభైకి మించి తెమలవు, అదీ ఎవరూ తప్పు చెప్పకపోతేనే. ఆ కుర్చీలో మనిషి లేక ఆ పని కూడా టవర్ నెత్తిన పడింది. గేట్ల దగ్గర విమానాలు కదలవు, రన్‌వే ఖాళీ. పెండ్లిలో వడ్డించడానికి అందరూ ఎగబడి, ఆకులేసేవాడు లేనట్టే అయింది మన పరిస్థితి.

అందుకే ఈసారి కమిటీ రోస్టర్‌ను కింది నుంచి నింపింది. ర్యాంకులు మన చేతిలో లేవు, శిక్షణ, పరీక్ష అన్నీ నెట్‌వర్క్ వాళ్లవే. ఎస్1 ఉంటే డెలివరీ, గ్రౌండ్ (గేటుకూ రన్‌వేకూ మధ్య నేల మీద కదిలేవాటిని చూసేది). ఎస్2తో టవర్, ఎస్3తో అప్రోచ్, సి1 ఉంటేనే సెంటర్, అంటే దూరంగా, పై ఎత్తుల్లో ఎగిరేవాటిని చూసే కుర్చీ. పై ర్యాంకు ఉన్నవాళ్లు కింది కుర్చీలో కూర్చోవచ్చు. డెలివరీ, గ్రౌండ్, రిలీఫ్ (ఎవరైనా లేవాల్సివస్తే ఆ కుర్చీలో కూర్చునే మనిషి), ఫ్లో (వచ్చే విమానాల రద్దీని లెక్కగట్టే మనిషి) అనే నాలుగు కాలమ్‌లు నిండేదాకా టవర్ కాలమ్ తెరవలేదు. దీనికి ఇద్దరు సీనియర్లు అలిగారు, ఆ సంగతి దాచను. సి1 ఉన్న ఒక అన్న మాత్రం "నేను మొదటి రెండు గంటలు డెలివరీ చేస్తా" అని ముందుకొచ్చాడు. దాంతో మిగతావాళ్ల నోరు పడిపోయింది.

ఆ తర్వాత రెండు గంటలు డెలివరీలో మన కరీంనగర్ చెల్లె, ఎస్1 వచ్చి రెండు నెలలే. విశాఖకు బయల్దేరే పిల్లవాడొకడు ఇచ్చిన కోడ్‌ను తిరిగి "టూ ఫోర్ ఎయిట్ వన్" అని చదివాడు. ఆమె సరిదిద్దింది. మళ్లీ ఎయిట్. వెనుక ఐదారుగురు లైన్లో ఉన్నారు. ఆమె విసుక్కోకుండా ప్రైవేట్ మెసేజ్ పెట్టింది: "తమ్ముడూ, స్క్వాక్‌లో ఎనిమిది, తొమ్మిది అంకెలే ఉండవు. సున్నా నుంచి ఏడు దాకనే. సిక్స్ అని చూడు." మూడోసారి సరిగ్గా చెప్పాడు. వచ్చే ఏడాది మన ఆదివారం క్లాసుల్లో ఈ ఉదాహరణే మొదట చెప్పాలని నా ఉద్దేశం.

ఫ్లో దగ్గర మాత్రం తప్పు మనదే. దిగే విమానాల మధ్య ఐదు మైళ్ల ఎడం పెడితే, గంటకు 150 మైళ్ల వేగంతో వచ్చేవి రెండు నిమిషాలకొకటి దిగుతాయి, అంటే గంటకు ముప్పై. ఇక్కడ మైలంటే నాటికల్ మైలు. శంషాబాద్‌లో రెండు రన్‌వేలు ఉన్నా, ఆ రాత్రి ఒకటి దిగడానికి, ఒకటి ఎగరడానికి పెట్టుకున్నాం. ఈ లెక్క ముంబయి, బెంగళూరు కంట్రోలర్లకు ముందే చెప్పి, అక్కడే కొన్నిటిని ఆపించాలి. మేడారం జాతరప్పుడు బండ్లను ముందటి ఊళ్లలోనే ఆపి, లోపల జాగా అయ్యాక వదిలినట్టు. మన ఫ్లో మనిషి మొదటి గంట అందుబాటులో లేడు. నోటీసులో 1330 జెడ్ అని రాశాం, జెడ్ అంటే విమానాలవాళ్లు ప్రపంచమంతా వాడే యూటీసీ టైమ్. ఆయన దాన్ని మన టైమ్ అనుకుని మధ్యాహ్నం ఒకటిన్నరకే కూర్చుని, ఎవరూ రాకపోయేసరికి కార్యక్రమం రద్దయిందేమోనని వరంగల్ బజారుకు వెళ్లిపోయాడు. జెడ్ టైమ్‌కు ఐదున్నర గంటలు కలపాలి, అంటే రాత్రి ఏడు. నోటీసు రాసింది నేనే, పక్కన మన టైమ్ వేయాల్సింది. ఆయన వచ్చేసరికి దాదాపు పది విమానాలు ఒకదాని మీద ఒకటి, వెయ్యి అడుగుల తేడాతో గాల్లో గిరికీలు కొడుతున్నాయి.

ఎనిమిదిన్నర దాటాక కాజీపేటలో కరెంటు పోయింది. అప్రోచ్ కంట్రోలర్ ఇల్లు అక్కడే. ఇన్వర్టర్ మీద రౌటర్ ఉంది, కంప్యూటర్ లేదు. తెర నల్లబడింది. కింది కుర్చీ ఖాళీ అయితే పైవాడు చూసుకోవాలన్నది నెట్‌వర్క్ పద్ధతి కాబట్టి ఆ నాలుగైదు నిమిషాలు సెంటర్ అప్రోచ్ విమానాలను కూడా తీసుకున్నాడు. ఈలోపు హన్మకొండ నుంచి రిలీఫ్ మనిషి లాగిన్ అయ్యాడు. కాజీపేట ఆయన ఫోన్‌లోనే అప్పజెప్పాడు: ఏ రన్‌వే, గాలి ఎటు, ఎవరు ఎంత ఎత్తులో ఉన్నారు, ఎవరికి ఏ మాటిచ్చాం. ఈ వరుస కాగితం మీద రాసి ముందే అందరికీ ఇచ్చాం కాబట్టి తడబడలేదు. రిలీఫ్ అంటే ఖాళీగా కూర్చోవడం కాదు, మిగతావాళ్లు మాట్లాడేది వింటూ కూర్చోవడం. ఆ రాత్రి అతను వింటూ ఉన్నాడు. రోస్టర్‌లో ఇంతకన్నా విలువైన గడి నాకు కనబడలేదు.

కొత్త పైలట్లకు సాయం చేసే ఇద్దరి గురించి కూడా చెప్పాలి. సుబేదారిలో ఒకే గదిలో, ఒక సకినాల డబ్బా మధ్యలో పెట్టుకుని, ఐదు గంటలు టెక్స్ట్‌లోనే జవాబులిచ్చారు. కీబోర్డులో నువ్వులు ఇంకా రాలుతున్నాయట. ఆ ఖర్చు సంఘం భరించదు.

ఇతర పనులు: ఆదివారం క్లాసులు వానాకాలంలో మూడు వారాలు ఆగాయి, మిగతాదంతా సాగింది. జమాఖర్చుల పట్టీ వేరుగా జతచేశాం. చందా బాకీలు ఉన్నాయి, పేర్లు చదవను.

వరంగల్ దగ్గరి మామునూరు సంగతి సభలో తప్పక అడుగుతారు. నిజాం కాలంలో, 1930లో కట్టిన ఆ విమానాశ్రయం 1981లో మూతపడింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ తెరవడానికి అనుమతి ఇచ్చాక మన పిల్లలు సిమ్యులేటర్ కోసం దాని సీనరీ మొదలుపెట్టారు. పాత రన్‌వే, చుట్టూ పత్తి చేన్లు వచ్చాయి, టవర్ ఇంకా కట్టలేదు. అసలైనది తెరుచుకునేలోపు మనదే ముందు తెరుచుకోవాలని వాళ్ల పంతం. ఫొటోలు తీసిచ్చేవాళ్లు కావాలి.

వచ్చే కార్యక్రమం రోస్టర్ దసరా తర్వాత పెడతాం. మొదట తెరిచేది రిలీఫ్, ఫ్లో కాలమ్‌లే. సమయాలన్నీ మన టైమ్‌లోనే వేస్తాం.

ఆ రాత్రి సంఘం నుంచి తీసుకెళ్లిన రెండు హెడ్‌సెట్లు, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇంకా తిరిగి రాలేదు. ఎవరి దగ్గరున్నాయో వాళ్లకు తెలుసు. సభకు వచ్చేటప్పుడు పట్టుకొస్తే చాలు.

— కార్యదర్శి