కార్యదర్శి వార్షిక నివేదిక: పన్ను పోటు, ఇంటి వైద్యం

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, సభ్యులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ ఏకరువు పెట్టను. ఆరోగ్య విభాగం ఈ ఏడాది ఒకే ఒక్క పని నెత్తికెత్తుకుంది. అర్ధరాత్రి పన్ను పోటు మొదలైతే, తెల్లారి డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా ఇంట్లో ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ప్రతి కుటుంబానికీ నేర్పడమే ఆ పని. "అదేముంది, లవంగ నూనె రాస్తే సరి" అని మొదట నవ్వినవాళ్లున్నారు. ఆ నూనెతోనే చిగురు కాల్చుకున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు.

ముందుగా కృతజ్ఞతలు. కరపత్రంలోని ప్రతి కొలతనూ ఓపిగ్గా సరిచూసిన దంతవైద్యులకు, దవడ నమూనాలు అరువిచ్చిన విద్యార్థులకు, హాలు ఇచ్చినవారికి, బల్లలు మోసిన యువజన విభాగానికి సంఘం రుణపడి ఉంది. మహిళా విభాగం లేకపోతే అసలు ప్రదర్శనే జరిగేది కాదు. ఇది మర్యాదకి అంటున్న మాట కాదు.

ఆ ప్రదర్శనే ఈ ఏడాదికి మన ఘనత. మొదటి బల్ల మీద ఉప్పునీళ్లు. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో, అంటే దాదాపు 240 మిల్లీలీటర్లలో, అర టీస్పూను ఉప్పు. నొప్పి ఉన్న వైపు 30 సెకన్లు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. నీళ్లు మరీ వేడిగా ఉంటే పుచ్చుపన్ను ఇంకా జివ్వుమంటుంది. దీనికంటే ముందు పళ్ల సందుల్లో దారం ఆడించి చూడాలి. కొన్నిసార్లు ఇరుక్కున్న పీచు బయటికి రాగానే నొప్పి సగం దిగిపోతుంది. పిన్నీసు, సూది మాత్రం వద్దు. చిగురు చీరుకుని కొత్త నొప్పి మొదలవుతుంది.

రెండో బల్ల దగ్గరే జనం మూగారు. లవంగ నూనెలో ఉండే యూజినాల్ నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది, అదే గాఢంగా తగిలితే చిగురును కాలుస్తుంది. అందుకే టీస్పూను మామూలు వంటనూనెలో రెండు మూడు చుక్కలకు మించకూడదు. దూదిని మిరియపు గింజంత ఉండ చుట్టి, అందులో ముంచి, వేళ్ల మధ్య గట్టిగా పిండాలి. పంటి గుంట చుట్టూ తడి తుడిచి, ఉండను పట్టకారుతో గుంటలోనే పెట్టాలి. కొద్ది నిమిషాలయ్యాక తీసెయ్యాలి, నోట్లో ఉంచుకుని నిద్రపోకూడదు. మహిళా విభాగంవారు నూనెలో ఎర్రరంగు కలిపారు. పిండకుండా పెట్టినవాళ్ల నమూనాలో ఆ ఎరుపు పంటి మీంచి జారి చిగురు అంచు వెంబడి గీతలా దిగింది. పది ఉపన్యాసాలు చెప్పలేనిది ఆ గీత చెప్పింది. చిన్నపిల్లలకు ఈ వైద్యం వద్దేవద్దు. సీసా వాళ్లకు అందే చోట కూడా ఉంచకండి, మింగితే కాలేయం దెబ్బతింటుంది. బెంజోకైన్ ఉన్న మొద్దుబార్చే జెల్లు కూడా రెండేళ్ల లోపు పిల్లలకు పనికిరాదు.

మూడో బల్ల మాత్రలది. ఆస్పిరిన్ మాత్రను పంటి పక్కన నొక్కిపెట్టుకునే అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో గానీ, ఆ మాత్ర ఆమ్లం. తగిలిన చోట చిగురు తెల్లగా పాలిపోయి పుండవుతుంది. 16 ఏళ్ల లోపు వాళ్లకు ఆస్పిరిన్ మింగించకూడదు కూడా. పెద్దవాళ్లయితే పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల నుంచి 1 గ్రాము దాకా వేసుకోవచ్చు. డోసుకీ డోసుకీ మధ్య కనీసం 4 గంటలు, రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లోనూ అదే మందు ఉంటుంది, లెక్క తప్పేది అక్కడే. కాలేయ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగందే వేసుకోవద్దు. ఐబూప్రొఫెన్ అనే ఇంకో నొప్పి మాత్ర కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు, గర్భిణులకు వద్దు. పాత చీటీలో మిగిలిన యాంటీబయాటిక్ వేసుకోవడం మరీ అన్యాయం. పన్ను లోపలి చీము దారి అడుగుతుంది, మాత్ర దారి చెయ్యదు.

దవడ వాస్తే ఆసుపత్రికి వెళ్లేలోపు గుడ్డలో చుట్టిన ఐసు చెంప మీద 15 నుంచి 20 నిమిషాలు పెట్టాలి, వేడి కాపడం పెట్టకూడదు. పడుకునేటప్పుడు తల ఎత్తు మీద ఉంచాలి. తల వాలిస్తే రక్తపు ఒత్తిడి పెరిగి, ఉబ్బడానికి చోటు లేని పంటి గుజ్జు మరింత కొట్టుకుంటుంది.

కరపత్రంలో పెద్దక్షరాలతో వేసినది ఇంకొకటుంది. రెండు రోజులు పీడించిన పోటు దానంతటదే ఆగిపోతే నయమైనట్టు కాదు. నరం చచ్చిపోయి ఉండొచ్చు, వేరు కొసన చీము మొదలై ఉండొచ్చు. జ్వరం, ముఖం వాపు, నోరు తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం, నాలుక కింద గట్టిపడటం, వాపు కంటి దాకా పాకడం - వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పుచ్చు గురించి ఒక్కమాట. పంటి మీద సుద్దలా తెల్లమచ్చ ఉన్నప్పుడే ఫ్లోరైడు పేస్టుతో వెనక్కి మళ్లించవచ్చు. గుంట పడ్డాక దాన్ని పూడ్చే ఇంటి వైద్యం లేదు. పేస్టులో ఫ్లోరైడు 1000 నుంచి 1500 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు, ఉండాలి. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆపైన ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. తోమాక నురగ ఉమ్మెయ్యాలి, వెంటనే నీళ్లతో పుక్కిలిస్తే ఫ్లోరైడు చాలావరకు పోతుంది. తీపి ఎంత తిన్నారన్నదానికంటే రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నదే పంటికి ముఖ్యం. తిన్న ప్రతిసారీ నోట్లో పుల్లదనం పెరిగి, దాని కొలత అయిన పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది) 5.5 కంటే దిగితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది.

ఇక కొన్ని నిష్ఠూరాలు. ప్రారంభించడానికి వస్తామని మాటిచ్చిన అధికారి రాలేదు, కబురూ లేదు. ఆయన కోసం పిల్లల్ని గంటసేపు ఎండలో నిలబెట్టినందుకు తల్లిదండ్రులకు క్షమాపణలు. పోయిన సమావేశంలో చెయ్యెత్తి పేర్లిచ్చిన స్వచ్ఛంద కార్యకర్తల్లో ఇంటింటికీ కరపత్రాలు పంచడానికి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఫొటోకు మాత్రం వరస చాల్లేదు.

జమాఖర్చుల పట్టిక అనుబంధంలో ఉంది. కోశాధికారి చదివి వినిపిస్తారు, ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

వచ్చే ఏడాదికి ప్రతిపాదన: దెబ్బ తగిలి ఊడిన పన్నుపై ఇలాంటిదే మరో ప్రదర్శన. వేరు ముట్టకుండా పైభాగం పట్టుకోవడం, అరగంట లోపు తిరిగి పంటిగూట్లో పెట్టడం, కుదరకపోతే పాలలో వేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తడం, పాలపళ్లను మాత్రం తిరిగి పెట్టకపోవడం ఇందులో చూపిస్తాం. దీనికి పేర్లిచ్చేవాళ్లు ఈసారి వచ్చే రోజులు కూడా పుస్తకంలో రాసి సంతకం చెయ్యాలి. పంచకుండా మిగిలిన కరపత్రాల కట్టలు గుమ్మం పక్క బల్ల మీదున్నాయి. వెళ్లేటప్పుడు తలా ఒకటి పట్టుకెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి